ఎర్ర తీగ ఏది?

ఇచ్చోడ
జూన్ 18

స్నిగ్ధా, నా పరీక్షల పహిల్వాన్,

నీ ఫోన్‌ను కోచింగ్ వాళ్ల బీరువాలో పెట్టించి, "ఇక మీద ఉత్తరాలే రాయి, మెయిన్స్‌కు చేతిరాత ప్రాక్టీసు అవుతుంది" అన్నావు చూడు, ఆ మాట తలుచుకుని బస్సులో నిర్మల్ దాటేదాకా నవ్వుకున్నాను. నీకు ప్రాక్టీసు. మరి ఏ గ్రూప్ పరీక్షా రాయని నాకేమిటట? అయినా రాస్తున్నాను. ఒకే బెంచీ మీద కూర్చుని ఇంజనీరింగ్ చదివిన పాపం అంత తొందరగా వదలదు.

మా శిక్షణ కేంద్రం అంటే హైవే పక్కన ఎరువుల దుకాణం పైన రెండు గదులు. యూరియా వాసన మెట్లెక్కి క్లాసులోకి వస్తుంది. నేను ఇక్కడ ఎలక్ట్రీషియన్ కోర్సు నేర్పే మేడమ్‌ని. అందరూ ఆడపిల్లలే, ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్నవాళ్లు. హుజూరాబాద్‌లో అబ్బా తన చెప్పుల దుకాణానికి వచ్చినవాళ్లందరికీ "మా బిడ్డ ఇంజనీర్" అని చెప్పుకుంటున్నాడు. అమ్మీ మాత్రం రోజూ ఫోన్‌లో ఒకటే పాట: "జంగల్‌ల నీకేం పనే? వాపస్ రా."

క్లాసులో ఒక చెక్క పలక ఉంది. దాని మీద మోటారు స్టార్టర్, మూడు రంగుల తీగలు. ఎరుపు ఇక్కడ, పసుపు ఇక్కడ, నీలం ఇక్కడ. మన ల్యాబ్‌లో ఉన్నదీ ఇదే పలక. గుర్తుందా, క్లాసంతా ఒక్క మోటారు చుట్టూ నిలబడితే మనం ముందున్న అబ్బాయిల వీపులు చూసి వచ్చేవాళ్లం. మా పిల్లలు అట్లా కాదు. కళ్లు మూసుకుని కలిపేస్తున్నారు. చూస్తుంటే నాకు గర్వంగా ఉంది.

వాళ్లలో మమతారాణి అని ఒకతి ఉంది. నన్ను తాయి అంటుంది, మరాఠీలో అక్క అన్నమాట. ఇప్పుడు క్లాసంతా అదే పిలుపు. మొదటి రోజే లేచి నిలబడి, "తాయీ, గీ కోర్సు చేస్తే కొలువొస్తదా, సర్టిఫికెట్ వస్తదా? రెండిట్ల ఏదొస్తదో ముందుగాల చెప్పు" అంది. నేను హాజరు పుస్తకం తెరిచాను. వాళ్లక్క తిరుపూర్‌లో ఏదో నూలు మిల్లులో ఉంది. ఏం పని అని అడిగితే "దారం తెగుతది, ముడేస్తది. మల్ల తెగుతది, మల్లేస్తది" అంది. దసరా దాటగానే ఆ మిల్లు ఏజెంటు వచ్చి ఇంకో జట్టు పిల్లలను తిరుపూర్ రైలెక్కిస్తాడు. ఈలోగా ఇక్కడ పని దొరికితే మమతారాణి ఆగుతుంది, లేదంటే వెళ్లిపోతుంది.

అందుకే అడుగుతున్నాను. మీ సంతోష్‌రావు చిన్నాయన జిన్నింగు మిల్లు మాకు దగ్గరే. పత్తి సీజన్‌కు ఎలక్ట్రీషియన్లను ఎక్కడో ఉత్తరాది నుంచి రప్పించుకుంటారట. మా పిల్లలను ఒకసారి చూడమని చెప్తావా? సిఫారసు కాదే. పరీక్ష పెట్టి చూడమను.

నీ
కైనాత్

*

కరీంనగర్
జులై 6

కైనూ,

నీ ఉత్తరం మా మెస్ పప్పు కన్నా చాలా నయం. అందులో ఉప్పుంది.

నా సంగతులు ఏముంటాయి? మంకమ్మతోటలో కోచింగ్, రీడింగ్ హాలు, హాస్టలు. మొన్న మా వరుసలో ఫ్యాన్లు ఆగిపోయాయి. హాల్లో సగం మంది బీటెక్ వాళ్లే, మా వరుసలో అయితే ఎలక్ట్రికల్ వాళ్లే ఎక్కువ. అందరం లేచాం. కుర్చీలు పక్క వరుసలోకి జరుపుకుని కూర్చున్నాం. ఎలక్ట్రీషియన్ సాయంత్రానికి వచ్చాడు. ఆ మధ్యాహ్నమంతా నేను చదివింది ఏమిటో తెలుసా? "భారతదేశంలో నైపుణ్యాల లోటు." నవ్వితే నవ్వు. నాకు మాత్రం చెమట వల్ల నవ్వు రాలేదు.

ఈసారి మెయిన్స్ వ్యాసానికి ఈ విషయమే వస్తుందని మా కొండల్ సార్ జోస్యం. "యువ జనాభా వరం, నైపుణ్యం లేకుంటే భారం. గీ వాక్యం అందరు రాస్తరు. మీరు ఉదాహరణ రాయుండ్రి, మార్కులు దానికే" అంటాడు. కాబట్టి తల్లీ, నువ్వే నా ఉదాహరణవి. అక్కడ జరిగేదంతా వివరంగా రాస్తుండు.

చదువుతుంటే ఒక సంగతి మాత్రం మనసులో నాటుకుంది. దేశం ఇంత యవ్వనంగా ఎల్లకాలం ఉండదట. ఇప్పుడున్న యువత ముసలైపోయేలోపు సంపాదించుకుంటేనే దేశం బాగుపడేది. లేకుంటే పేదగానే ముసలిదైపోతుంది. నాకు పరీక్షకు వయోపరిమితి ఉన్నట్టు దేశానికీ ఒకటి ఉందన్నమాట. ఇద్దరం కలిసే దాటిపోతామేమో.

చిన్నాయనతో మాట్లాడాను. "ఆడివిల్లలు స్టార్టర్ డబ్బ ఇప్పుతరా? రమ్మను, సూద్దాం" అన్నాడు. పరీక్షే పెడతాడట. నీ కోరిక తీరింది.

నీ
స్నిగ్ధ

*

ఇచ్చోడ
ఆగస్టు 11

స్నిగ్ధా,

మిల్లుకు వెళ్లి వచ్చాం. వెంటనే రాయలేకపోయాను.

మీ చిన్నాయన మర్యాదగానే చూశారు. పిల్లలందరికీ చాయ్ ఇప్పించి షెడ్డులోకి తీసుకెళ్లారు. ఒక స్టార్టర్ డబ్బా తలుపు తెరిచి ఉంది, తీగలు ముందే ఊడదీయించి పెట్టారు. "కలిపి మోటరు నడిపియ్యుండ్రి బిడ్డా" అన్నారు. అంతకంటే న్యాయమైన పరీక్ష ఉండదు.

మమతారాణి టెస్టర్ పట్టుకుని అందరికంటే ముందు నడిచింది. డబ్బాలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి నన్ను అడిగింది:

"తాయీ, ఎర్ర తీగ ఏది?"

నేనూ వెళ్లి చూశాను. లోపల అన్నీ నల్లవే. కాలిపోయినప్పుడల్లా చేతికి దొరికిన తీగ వేసుకుంటూ వచ్చారు. వాటి మీద నూనె, నూనె మీద దూది. మీ చిన్నాయన నవ్వారు. "ఎర్రదా? గది ఎన్నడో కాలిపోయిందమ్మా" అన్నారు. ఎగతాళిగా కాదు, ఉన్న మాటే చెప్పారు. పిల్లలందరూ నా మొహం చూశారు. నా దగ్గర మాత్రం ఏముంది? నాకూ తెలియలేదు స్నిగ్ధా. వాళ్లకు నేను నేర్పింది రంగులు. కరెంటు కాదు.

వచ్చేటప్పుడు ఆటోలో మమతారాణే అంది, "గిదేంది తాయీ, ఇన్ని దినాలు మనకు హోలీ నేర్పినవా?" ఆటో అంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను.

పనివాళ్లు దొరకడం లేదని మీ చిన్నాయన అంటారు. నిజమే. బోలెడంత మందికి శిక్షణ ఇచ్చామని మా కేంద్రం గోడ మీద రాసుకుంది. అదీ నిజమే. ఈ రెండు నిజాల మధ్య ఆ పిల్ల టెస్టర్ పట్టుకుని నిలబడిపోయింది. నీ వ్యాసానికి ఉదాహరణ కావాలన్నావుగా, రాసుకో.

కైనాత్

*

కరీంనగర్
ఆగస్టు 24

కైనూ బంగారం,

ఇంత బాధపడితే ఎట్లా? ఇది నీ తప్పు కాదు, వ్యవస్థ లోపం. మూడు కారణాలు చెప్తాను. పాఠ్యప్రణాళికకూ పరిశ్రమ అవసరానికీ పొంతన లేదు. శిక్షకులకు శిక్షణ లేదు. కంపెనీలు నేర్పడానికి ఖర్చు పెట్టవు, నేర్చుకుని వచ్చినవాళ్లే కావాలంటాయి.

రాసి చదువుకుంటే నాకే సిగ్గేసింది. నిన్ను ఓదార్చబోయి వ్యాసం రాసేశాను. కొట్టేయాలని ఉంది కానీ చేతిరాత బాగా కుదిరింది, ఉండనీ.

"ఎర్ర తీగ ఏది" అన్న మాట కొండల్ సార్‌కు చెప్పాను. ఎగిరి గంతేశాడు. "గిదే మొదటి వాక్యం పెట్టు" అన్నాడు. సంతోషంగా గదికి వచ్చాను. పడుకున్నాక తోచింది, ఆ పిల్ల అడిగిన ప్రశ్నతో నేను మార్కులు తెచ్చుకుంటాను, మరి ఆ పిల్లకు ఏమొస్తుంది?

ఫికర్ చేయకు. మమతారాణి సంగతి నాకు వదిలెయ్.

నీ
స్నిగ్ధ

*

ఇచ్చోడ
సెప్టెంబర్ 20

స్నిగ్ధా,

ఈసారి మంచి సంగతులు. నల్ల టేపు తెచ్చి పలక మీద ప్రతి తీగకూ చుట్టించాను, ఎక్కడా రంగు కనబడకుండా. అన్నీ ఊడదీసి కలిపేసి, "ఇప్పుడు చెప్పుండ్రి" అన్నాను. నాకు ముందే తెలిసి కాదు. వాళ్లతో పాటే నేనూ కింద కూర్చున్నాను. బ్యాటరీకి చిన్న బల్బు కట్టి, ఒక తీగ ఈ కొసను తాకిస్తే అవతలి కొసల్లో ఏది బల్బు వెలిగిస్తుందో వెతకడం. ఒకటి తేలేసరికి ఇంకొకటి మర్చిపోతున్నాం. గొడవ, అరుపులు. కింద దుకాణం ఆయన పైకొచ్చి చూసి వెళ్లాడు.

అప్పుడు మమతారాణి "ఆగు తాయీ" అని చున్నీ అంచు నుంచి దారం పీకింది. తేలిన తీగకు రెండు కొసలా ఒక్కో ముడి వేసింది. రెండో తీగకు రెండేసి ముడులు. మూడోదానికి మూడేసి. "మా అక్క దినమంతా ఏసేది గిదే ముడి. గక్కడ దారానికి, గిక్కడ తీగకు" అంది. ఇప్పుడు మా క్లాసులో ఎవరి చున్నీకీ అంచు లేదు.

మా కేంద్రం ఇన్‌ఛార్జి దశరథం సార్‌కు మాత్రం ఈ ఆట నచ్చలేదు. "పరీక్షల రంగులే అడుగుతరు మేడమ్. మీరు నలుపు జేస్తిరి" అన్నాడు. అక్టోబర్‌లో బయటి నుంచి పరీక్షాధికారి వస్తాడు. ట్యాబ్‌లో ప్రశ్నలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి, ఒక్కోదానికి నాలుగు జవాబులు. ఇక్కడి ఆనవాయితీ ఏమిటంటే, పిల్లలకు ఎదురుగా నిలబడి మేడమ్ వేళ్లు చూపించాలి. ఒక వేలంటే మొదటి జవాబు, రెండంటే రెండోది. పరీక్షాధికారి ఆ సమయంలో కిటికీలోంచి హైవే చూస్తాడు. "అందరు చేసేదే మేడమ్. వేళ్లు జర ఊపుండ్రి, గంతే. పిల్లలు పాసైతేనే మనకు ఇంకో బ్యాచ్ ఇస్తరు" అన్నాడు దశరథం సార్. చెడ్డవాడు కాదు. నిజంగానే పరేషాన్‌లో ఉన్నాడు.

సెప్టెంబర్ 21

స్నిగ్ధ గారూ, ఉత్తరం పోస్టు చేయకముందే మీ చిన్నాయన ఫోన్ చేశారు. "గా పిల్లను పంపియ్యమ్మా. పరీక్ష గిరీక్ష ఏం లేదు, మా స్నిగ్ధ చెప్పింది" అన్నారు. ఎలక్ట్రీషియన్ పని ఏముంటుందని అడిగాను. "ఎలక్ట్రీషియన్ అని రాసుకుంటం. కూసుండి గేటు పాసులు రాస్తది. ఆడివిల్లకు గీ నూనెల చెయ్యి పెట్టుడెందుకు?" అన్నారు.

సిఫారసు వద్దని మొదటి ఉత్తరంలోనే రాశాను. మాకు ఉన్నది ఒక్క పరీక్ష, దాన్నీ తీసేయించారు. దశరథం సార్ వేళ్లు ఊపమంటున్నాడు, మీరు ఊపేశారు. ఆ ఉద్యోగం వద్దని చెప్పాను.

కైనాత్

*

కరీంనగర్
సెప్టెంబర్ 29

కైనాత్ మేడమ్ గారికి,

అవును, చెప్పాను. నీకు చెప్పకుండానే చెప్పాను, ఎందుకంటే ఇలాంటి ఉత్తరమే వస్తుందని తెలుసు.

ఆ మిల్లులో పరీక్ష రాసి చేరినవాడు ఎవడు? మేనేజర్ మా బాపు జైపాల్‌రావుకు దోస్తు. తూకం దగ్గర కూర్చునేవాడు మేనేజర్ బామ్మర్ది. పై రాష్ట్రం నుంచి వచ్చే ఎలక్ట్రీషియన్లు కూడా ఒకరి వెంట ఒకరు, అన్న వెంట తమ్ముడు వచ్చినవాళ్లే. వాళ్లు లోపలికి వచ్చాకే పని నేర్చుకున్నారు. తలుపు లోపల ఉన్నవాడికే పని వస్తుంది కైనాత్. బయట నిలబడినవాళ్లకు పలక మీద రంగులే. నేను చేసింది తలుపు తీయించడం. అది తప్పయితే తప్పే.

దసరా దాటితే రైలు వస్తుంది. అప్పుడు ఎవరు గెలిచినట్టు?

ఇంకొక్క మాట. ప్రతి ఉత్తరంలోనూ మమతారాణి ఏమందో రాశావు. ఈ ఒక్క దాంట్లో రాయలేదు. ఆ ఉద్యోగం వద్దని చెప్పే ముందు ఆమెను అడిగావా?

స్నిగ్ధ

*

ఇచ్చోడ
అక్టోబర్ 30

స్నిగ్ధా,

అడగలేదు. నీ ఉత్తరం చదివి అప్పటికప్పుడు వాళ్లింటికి వెళ్లాను. మమతారాణి బట్టలు ఉతుకుతోంది. సంగతి చెప్పాను. పిండుతున్న చీర అట్లాగే పట్టుకుని నన్ను చూసింది.

"కొలువిస్తుంటే ఒద్దన్నవా?"

"గేటు పాసులు రాసే పని..."

"నీకేమైంది తాయీ? నాకు చెప్పకుండ నా కొలువు నువ్వెట్ల ఒద్దంటవు?"

వాళ్లమ్మ పోశవ్వ నా మొహం మీదే తిట్టింది. మరునాడు నేనే మమతారాణిని మిల్లుకు తీసుకెళ్లి, మీ చిన్నాయన ముందు తల దించుకుని నిలబడ్డాను. ఆమె మాత్రం ఆయనతో సూటిగా, "కూసుంట సార్. గని ఏజెంటు వచ్చేదాంక సూస్త. ఉత్త పాసులు రాసుడైతే తిరుపూరే నయం, మా అక్క తోడుంటది" అంది. ఆయనకు కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది.

దసరా అయిపోయింది. సీజన్‌కు ముందు మిషన్లు నడిపి చూసే రోజున పత్తి బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గరి స్టార్టర్ కాలింది. ఎలక్ట్రీషియన్లు ఇంకా రైల్లోనే ఉన్నారు, నాగపూర్ దగ్గర ఎక్కడో. మమతారాణి పాసుల పుస్తకం మూసి లేచి, నాకు ఫోన్ చేసింది. సాయానికి కాదు. "తాయీ, రా. సూద్దువు గని" అని.

నేను వెళ్లేసరికి మెయిన్ ఆపించి డబ్బా ముందు కూర్చుని ఉంది. కొత్త స్టార్టర్ బిగించేసింది. చుట్టూ హమాలీలు, మేనేజరు, వెనక మీ చిన్నాయన. నల్ల తీగలు తుడిచి, బల్బుతో ఒక్కొక్కటే వెతికి, ముడులు వేస్తోంది. ఈసారి నా వైపు తిరగలేదు. అన్నీ కలిపి, మెయిన్ వేయించి, మీట నొక్కింది.

మోటారు తిరిగింది. ఉల్టా తిరిగింది. పత్తిని లోపలికి మోయాల్సిన పట్టా వెనక్కి నడిచి, ఉన్న పత్తినంతా మీ చిన్నాయన కాళ్ల మీద పోసింది. షెడ్డంతా నవ్వే. మమతారాణి ఆపేసి, మెయిన్ తీయించి, "మా చేన్ల బాయి మోటరు గూడ గిట్లనే ఉల్టా తిరుగుతది సార్. రెండు తీగలు మారిస్తె సీదా అయితది" అంటూనే మార్చేసింది. మళ్లీ నొక్కింది. పట్టా ముందుకు నడిచింది.

మీ చిన్నాయన కాళ్ల మీది పత్తి దులుపుకుంటూ, "ఇగ గేటు పాసులు ఎవరు రాయాలె?" అన్నారు. అదే ఆమెకు నియామక పత్రం. ఏజెంటు రైలు వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు.

నువ్వు తలుపు తీయించకపోతే ఆమె ఆ రోజు అక్కడ ఉండేదే కాదు. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ముడులు లేకుంటే తలుపు లోపల కూడా పాసులే రాస్తూ ఉండేది. అదీ నువ్వు ఒప్పుకో.

ఇక రెండో సంగతి. పరీక్షాధికారి వచ్చాడు. వచ్చీ రాగానే కిటికీ దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. పిల్లలు ట్యాబ్‌ల మీంచి నా చేతుల వైపు చూశారు. దశరథం సార్ కూడా చూశాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. సగానికి పైగా తప్పారు, మమతారాణి కూడా. అందుకే దేశం లెక్కలో ఆమె నైపుణ్యం లేని మనిషి. వేళ్లు చూసి పాసైన పోయినసారి జట్టంతా నైపుణ్యం ఉన్నవాళ్లు. ఇలాంటి లెక్క మీద ఎవరో పెద్దవాళ్లు రేపటి దేశాన్ని కడుతుంటారు కదా అని భయమేసింది.

కానీ నేను చేసింది సరైనదేనని ధైర్యంగా చెప్పలేను. తప్పిన పిల్లల్లో ఒకరి తల్లి, శంకరవ్వ, కేంద్రానికి వచ్చింది. "నీ చేతులు ఇరిగినయా మేడమ్? అందరి మేడమ్‌లు చూపిస్తరట, నా బిడ్డకే నువ్వు దొరికితివా?" అంది. మమతారాణికి మిల్లు దొరికింది. ఆ పిల్లకు మిల్లూ లేదు, కాగితమూ లేదు. నా నిజాయితీ ఖర్చు నేను కట్టలేదు, ఆ పిల్ల కట్టింది.

డిసెంబర్ తర్వాత నేను అక్కర్లేదని దశరథం సార్ చెప్పాడు. అమ్మీకి ఇంకా చెప్పలేదు. తప్పిన పిల్లలను ఆదివారాలు మిల్లుకు తీసుకురమ్మని మమతారాణి అంటోంది. మీ చిన్నాయన ఒప్పుకుంటారో లేదో. అడగాలి. ఈసారి సిఫారసు చెయ్.

నీ
కైనాత్

*

కరీంనగర్
నవంబర్ 22

కైనూ,

సిఫారసు చేశాను. ఆదివారాలు షెడ్డు ఖాళీగానే ఉంటుందట. "పత్తి కాళ్ల మీద పొయ్యకపోతె చాలు" అన్నాడు చిన్నాయన. శంకరవ్వ బిడ్డను ముందు తీసుకెళ్లు.

మెయిన్స్ అయిపోయింది. వ్యాసం మన విషయమే వచ్చింది, కొండల్ సార్ జోస్యం ఫలించింది. మొదటి వాక్యం ఎర్ర తీగ అనుకున్నాను కదా. రాయలేదు. హాల్లో మా కోచింగ్ వాళ్లందరూ అదే రాస్తున్నారని గుర్తొచ్చింది, సార్ అందరికీ పంచేశాడు మరి. మోటారు ఉల్టా తిరిగిన సంగతి రాశాను. తప్పు చేసి, అందరి ముందు ఆపి, సరిచేసుకునే చోటు ప్రతి పిల్లకూ దొరికితే దేశానికి ఏమవుతుందో రాశాను. పరిష్కార మార్గాలు అని శీర్షిక పెట్టి, ఏం రాయాలో తోచక దాని కింద రెండు గీతలు గీశాను. చేతిరాత బాగుంది. మార్కులు ఎట్లా వస్తాయో తెలియదు.

పరీక్ష అయ్యాక రీడింగ్ హాలుకు పుస్తకాలు తెచ్చుకోవడానికి వెళ్లాను. హాలు ఖాళీ. మా వరుసలో ఫ్యాన్లు మళ్లీ ఆగిపోయి ఉన్నాయి. వాచ్‌మన్ ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తానన్నాడు. వద్దన్నాను. కొత్త బ్యాచ్ వచ్చేదాకా ఎవరికీ తొందర లేదు కదా అన్నాను. అతను నన్ను అనుమానంగా చూసి, మెయిన్ తనే ఆపి, బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

స్విచ్ బోర్డు మూత ఇప్పాను. మన డిగ్రీ వచ్చి ఇన్నేళ్లయ్యాక మొదటిసారి. లోపల తీగలన్నీ ఒకటే రంగు.

చున్నీ అంచు నుంచి దారం పీకాను. మొదటి తీగకు ఒక ముడి వేశాను. ఇప్పుడు ఏం చేయాలో మమతారాణిని అడిగి రాయి.

నీ
స్నిగ్ధ